అన్నాచెల్లెళ్ళని చెప్పాను

పాపకు నాలుగో నెలలో డాక్టరు స్టెత్ పెట్టి, గుండెలో చిన్న శబ్దం వినిపిస్తోందన్నాడు. చాలామంది పిల్లల్లో దానంతటదే పోతుందట. మాకు గానీ, మా అమ్మానాన్నలకు గానీ గుండె జబ్బుందా అని అడిగితే, మావారు రెండు వైపులా లేదన్నారు. స్కాన్ పై వారానికి రాశాడు.

అప్పటికి సింగపూర్‌లోని పుంగ్గోల్‌లో మా బ్లాకు చుట్టూ సగం ఖాళీ నేలే. ఆయనకు చాంగీలో బ్యాంకు ప్రాజెక్టు, రాత్రి ఏ తొమ్మిదికో వచ్చేవారు. పాప కోసం కాకినాడ నుంచి వచ్చిన అత్తయ్య, తెచ్చుకున్న తెలుగు సీడీలన్నీ చూసేశారు. లైబ్రరీలో అట్ట మీద ఇద్దరు అక్కచెల్లెళ్ళ బొమ్మ చూసి, కుటుంబ కథ అనుకుని ఒక జర్మన్ సినిమా తెచ్చాను.

తెర కింద పడే ఇంగ్లీషు చదివి నేను తెలుగులో చెబుతున్నాను. పది నిమిషాలకే చెల్లెలు అక్క మొగుడి మీద మనసు పడింది. అత్తయ్య ముందు ఆ మాట నోరు దాటలేదు. "అతను వీళ్ళ అన్నయ్య, అత్తయ్యా" అన్నాను. కాసేపటికి ఆ ఇద్దరూ వంటింట్లో ముద్దు పెట్టుకున్నారు.

పాపను ఊపుతున్న అత్తయ్య కాళ్ళు ఆగాయి.

"బాగుందే వరస! నాకు ఇంగ్లీషు రాదు గానీ కళ్ళున్నాయి."

ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ తర్వాత ఉన్నదున్నట్టే చెప్పాను. చెల్లెలికి కొడుకు పుట్టాడు. అక్క తన బిడ్డేనని చెప్పి పెంచింది. సినిమా అయ్యేసరికి అత్తయ్య నవ్వడం లేదు.

"మా చెల్లెలు కూడా పెళ్ళి కాకుండానే ఒకణ్ణి నమ్మింది. ఇద్దరం ఆర్నెల్లు వేరే ఊళ్ళో ఉన్నాం. తిరిగొచ్చేటప్పుడు నీ మొగుడు నా చేతుల్లో ఉన్నాడు. వాడికి చెప్పకే. చెబితే నేనేమవుతాను?"

మావారు పిన్ని అని పిలిచే ఆ చెల్లెలికి పుట్టుకతోనే గుండె జబ్బు. మా పెళ్ళిలో మెట్లెక్కలేక కిందే కూర్చున్నారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆ వారమంతా, డాక్టరుకైనా నిజం చెప్పాలి కదా అని అత్తయ్యతో అందామని వంటింటి దాకా వెళ్ళడం, ఉప్పు డబ్బా తీసుకుని తిరిగి రావడం.

స్కాన్ రోజు ఆయనకు సెలవు దొరకలేదు. అత్తయ్య, నేను వెళ్ళాం.

"ఫ్యామిలీ హార్ట్ ప్రాబ్లం, నో ఆ?" అంది నర్సు సింగపూర్ యాసలో, ఫారం చూస్తూ.

నేను పాప టోపీ సర్దుతూ ఉండిపోయాను. అత్తయ్యే ముందుకు వంగారు.

"యెస్. బేబీ ఫాదర్, హిజ్ మదర్."

"యూ ఆ, ఆంటీ?"

"నో. మై సిస్టర్."

నర్సు రాసుకుంది. అత్తయ్య జారిపోయిన పాప సాక్సు పైకి లాగారు.

"ఇవాళ వాడికి నేనే చెబుతాను. నువ్వు పక్కనుండు, చాలు."