పై ముడతా, కింది ముడతా?

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, నవంబరు మొదట్లో, నన్ను దర్శికి ఉద్యాన అధికారిగా వేశారు. పత్తి వ్యవసాయ శాఖది, మిరప మాది. బయటివాళ్లకు ఈ తేడా వింతగా ఉంటుంది కానీ, మిరప ఆకు ముడుచుకుంటే తిట్లు తినాల్సింది మేమే.

చేరిన వారానికే మా పై అధికారి, సహాయ సంచాలకులు, సమావేశం పెట్టారు. రైతులు ఫోన్లో వీడియోలు చూసి మందులు కొడుతున్నారు, చూడొద్దని చెప్పండి అన్నారు. చూడొద్దంటే మానేస్తారా? పనికొచ్చేవి మనమే ఏరి రైతుల వాట్సాప్ గ్రూపులో పెడదామన్నాను. "అయితే ఆ పని మీరే చూడండమ్మా" అని నా నెత్తిన పెట్టారు. సంతోషంగానే తీసుకున్నాను.

అందులో మొదట తగిలినవాడు మస్తాన్ వలీ. రెండెకరాల మిరప కౌలుకు చేస్తున్నాడు. కిందటేడు పంట పోయింది. ఈసారీ పోతే చేను వదిలేసి మార్టూరు గ్రానైట్ రాళ్ల పాలిషింగ్ పనికి పోతానని ఇంట్లో చెప్పేశాడు. పూత మీదున్న చేనుకు ముడత తగిలింది. ఒక్క స్ప్రేతో ముడత మాయమని చెప్పే వీడియో చూసి మందు కొనుక్కుని వెళ్తూ మా ఆఫీసు దగ్గర ఆగాడు. నన్ను అడగడానికి కాదు, నాకు చూపించడానికి.

వెంట వెళ్లి చేను చూశాను. మిరపలో ముడతలు రెండు. తామర పురుగు పడితే ఆకు అంచులు పైకి లేస్తాయి, అది పై ముడత. నల్లి, అంటే మంచంలోది కాదు, ఆకు రసం పీల్చే కంటికి ఆనని పురుగు, పడితే కిందికి ముడుచుకుంటాయి, అది కింది ముడత. ఆయన చేలో ఉన్నది కింది ముడత. కొన్న మందు తామర పురుగుది. ఆ రకం మందు కొడితే నల్లి ఇంకా రెచ్చిపోతుంది. ఆ వీడియో మొత్తం చూశాను. పాట ఉంది, మందు డబ్బా ఉంది, ఏ ముడతో మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఈ మందు కొట్టొద్దన్నాను.

"లక్షమంది చూశారు మేడమ్. వాళ్లంతా ఎర్రోళ్లా?" అన్నాడు.

"లక్షమంది చేలల్లోనూ నీ ముడతే వచ్చిందా?" అన్నాను. నాకు ఒళ్లు మండింది, దాచుకోలేదు.

ఆ సాయంత్రం పనిగట్టుకుని వెతికాను. చెత్తంతా దాటాక, సత్తెనపల్లి వైపు రైతు ఒకాయన తీసిన వీడియో దొరికింది. గాలి హోరులో మాట సరిగ్గా వినపడదు. చూసినవాళ్లు వందమంది కూడా లేరు. కానీ ఆయన మందు పేరెత్తకముందే ఆకు తెంపి, వెనక్కి తిప్పి, భూతద్దం పెట్టి నల్లిని చూపించాడు. పై ముడతైతే ఈ మందు వద్దనీ చెప్పాడు. మందును మా శాఖ సిఫారసుతో సరిచూసుకున్నాకే గ్రూపులో పెట్టాను.

మస్తాన్ వలీ ఒక పట్టాన ఒప్పుకోలేదు. ఎవరూ చూడని వీడియో ఏం వీడియో అన్నాడు. మర్నాడు చేలోనే నా భూతద్దం చేతికిచ్చి, వీడియోలో ఆయన చేసినట్టే చెయ్యమన్నాను. ఆకు తిప్పి చాలాసేపు చూశాడు. "ఉన్నాయి మేడమ్, పాకుతున్నాయి" అన్నాడు. కొట్టుకెళ్లి మందు మార్చుకున్నాడు. తర్వాత వచ్చిన చిగుళ్లు చక్కగా విచ్చుకున్నాయి. ఆ ఏడు కాయ కోశాడు, చేను వదల్లేదు.

కోతలప్పుడు కనిపించి, ఆ లక్షమంది చూసిన వీడియో కింద తను రాసిన ప్రశ్న చూపించాడు: పై ముడతా, కింది ముడతా? జవాబు రాలేదట. "అడిగితే పలకనోడి మాట ఎందుకు వినాలి మేడమ్?" అన్నాడు.

చూడొద్దని చెప్పి ఊరుకుంటే మస్తాన్ వలీకి ఆ ప్రశ్న వచ్చేది కాదు. నేను ఏరి పంపిన వీడియోలన్నిటికంటే ఆ ప్రశ్నే ఎక్కువ పనికొచ్చింది. అది నేర్పింది నేనేనని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.