మరదలు ‘అన్నా’ అని పిలిచిన పూట

ఆ రోజుల్లో మా విజయనగరం వైపు బి.ఏ. పాసైన కుర్రాళ్ళకి ఉద్యోగం రావడం ఆలస్యమైతే వైరాగ్యం వచ్చేది. నాకు బాగా ముదిరిన రకం వచ్చింది. ఖద్దరు లాల్చీ, ఉప్పు లేని కూర, చాప మీద పడక (చాప కింద మా అమ్మ రహస్యంగా బొంత పరిచేది, తెలిసినా తెలియనట్టే పడుకునేవాణ్ణి). ఇంతటి విరాగికి పై నెలలో పెళ్ళి. మేనరికం. సాలూరు దగ్గర వ్యవసాయం చేసుకునే మా మావ కూతురే పిల్ల. చిన్నప్పటి నుంచీ నా నెత్తిన మొట్టికాయలు వేస్తూ, ‘ఒరే బావా’ అంటూ పెరిగిన మరదలు. పెళ్ళి మాట రాగానే నేను దీర్ఘంగా నిట్టూర్చేవాణ్ణి. “కడుపులో ఏటో బాగోనట్టున్నాది, వాము నీల్లు తాగరా” అనేవాడు మావ.

శృంగవరపుకోట దాటాక కొండల కింద బ్రహ్మచారుల తోట అని ఒకటి ఉండేది. మా వాళ్ళ నోట బెమ్మచార్ల తోట. ఎప్పుడో పాతకాలంలో అందరూ ‘అమ్మ’ అని కొలిచిన ఒకావిడ, పెళ్ళిళ్ళు వద్దు, ఆస్తులు వద్దు, అందరూ కలిసి దున్నుకు తినండి అని చెప్పి పెట్టిన ఊరు అట. ఆడా మగా వేర్వేరు ఇళ్ళలో ఉంటూ ఒకే పొలం చేసుకునేవారు. పెళ్ళిళ్ళు లేవు గనుక పిల్లలు లేరు, కొత్తగా చేరేవాళ్ళు కూడా తగ్గిపోయి, మేం వెళ్ళేసరికి ముసలివాళ్ళే మిగిలారు. ఏటా కోతలయ్యాక ఒక రోజు మాత్రం గేటు తీసి, అమ్మ కాలంలో ఏ పని ఎలా చేసేవారో అలాగే చేసి జనానికి చూపించేవారు. అక్కడి బీర విత్తనాలకీ చీపుళ్ళకీ మంచి పేరు. మావ విత్తనాల కోసం, మరదలు చీపుళ్ళ కోసం, నేను మోక్షం కోసం బయల్దేరి, తెలిసినవాళ్ళ లారీలో వెళ్ళి అక్కడ దిగాం.

లోపల అడుగు పెట్టగానే నా నోరు తెరుచుకుంది. పెద్ద పెంకుటిల్లు. పక్కపక్కనే రెండు గుమ్మాలు, ఒకటి మగవాళ్ళకి, ఒకటి ఆడవాళ్ళకి. లోపల గోడల చుట్టూ వరసగా చెక్క మేకులు. చేటలు, చీపుళ్ళు, పీటలు, ఆఖరికి కుర్చీలు కూడా తలకిందులుగా ఆ మేకులకే వేలాడుతున్నాయి. నేల మీద ఒక్క వస్తువు లేదు, ఆ నేల మీదే అన్నం వడ్డించుకు తినొచ్చు. ఒక ముసలాయన చీపురు కడుతూ ప్రతి కట్టనీ కళ్ళకద్దుకుంటున్నాడు. “ఊడిసేదానికి అంత బక్తేటి తాతా?” అని మావ అడిగితే, “ఊడిసేది అమ్మ ఇల్లు కదా బాబూ” అన్నాడు. మధ్యాహ్నం గంట కొట్టారు. పనులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మగవాళ్ళు ఒక వరస, ఆడవాళ్ళు ఒక వరస ఎదురెదురుగా నిలబడి పాడుతూ అడుగులు వెయ్యసాగారు. పాట పెరిగేకొద్దీ ఆ ముసలి దేహాలు వణికాయి, వంగిన నడుములు లేచాయి, ఆ అడుగులకి గోడ మీది కుర్చీలు కూడా కదిలాయి. వేళాకోళానికి చెప్పడం లేదు, ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

పాట ఆగగానే మావ దగ్గరికెళ్ళి, “మావా, నేనిక్కడే ఉండిపోతాను” అన్నాను.

మావ చేతిలోని విత్తనాల మూట జారిపోయింది. “ఏట్రా అల్లుడా? పెల్లి పందిరికి ఎదురుబొంగులు కొట్టించీసినాను. పిల్లనేటి సెయ్యమంతావు?” అన్నాడు.

“మరదల్ని సోదరిలా భావిస్తాను” అన్నాను గంభీరంగా. (ఎక్కడో చదివిన మాట. దాని అర్థం కాసేపట్లోనే తెలిసింది.) చీపుళ్ళు ఏరుతున్న మరదలు ఆ మాట వింది. ఏడవలేదు, తగువాడలేదు. నన్నొకసారి కింద నుంచి పైకి చూసి, చీపుళ్ళు అక్కడే పెట్టి, ఆడవాళ్ళ గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోయింది.

తోట పెద్దయ్య నా కోరిక ఓపిగ్గా విన్నాడు. “అలాగే ఉండు బాబూ. ఇక్కడ ‘నాది’ అనకూడదు, ఏదైనా మనదే. వరసలు కూడా లేవు. మగోల్లందరూ అన్నలు, ఆడోల్లందరూ అక్కసెల్లెల్లు. పొద్దుగూకే దాకా ఉండి సూడు” అన్నాడు. ఓస్ ఇంతేనా అనుకున్నాను. మావ పెట్టిన చేతిగడియారం తీసి మేకుకి తగిలించాను. కాస్త గుండె కలుక్కుమంది గానీ, ఎంతైనా మనదే కదా అని సర్దుకున్నాను.

భోజనాలకి మగవాళ్ళం వరసగా కూర్చున్నాం. అన్నాలు వడ్డించాక మజ్జిగ ముంతతో మా మరదలు వచ్చింది. తోట ఆడవాళ్ళలాగే తల మీద తెల్లగుడ్డ కప్పుకుని, కళ్ళు దించుకుని, ఒక్కొక్కరికీ పోసుకుంటూ నా ముందుకొచ్చి ఆగింది.

“అన్నా, మజ్జిగ పొయ్యమంతావా?”

మరదలు బావని ఏమైనా అనొచ్చు. ఒరే అనొచ్చు, మొద్దు అనొచ్చు, ఆఖరికి గాడిద అన్నా అడిగేవాడు లేడు. ఆ ఒక్క మాట మాత్రం అనకూడదు. అది నోటి నుంచి వచ్చాక ఏ పురోహితుడి ముహూర్తమూ ఆదుకోలేదు. నా వైరాగ్యం, నా బి.ఏ. ఒక్కసారే ఎగిరిపోయాయి. ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాను.

“ఒసే, అన్నేటే? నాను నీ బావని. నువ్వు నా మరదలివి.”

మరదలు ముంత దించలేదు, కళ్ళెత్తలేదు. “ఎవుల మరదల్ని, అన్నా?” అంది మళ్ళీ.

“నా మరదలివే. నా పెల్లానివి అవబోతన్నావే” అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

ఆడవాళ్ళ వైపు ఒక ముసలమ్మ పకపకా నవ్వింది. నవ్వి, కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పెద్దయ్య లేచి మేకు మీది గడియారం తెచ్చి నా ఎడమ చేతిలో పెట్టాడు. “ఇది నీదే బాబూ. మజ్జిగ తాగి మరీ ఎల్లండి” అన్నాడు. వెక్కిరింతేమీ లేదు ఆ మాటలో. మావ అప్పటికి ఊపిరి పీల్చుకుని, “ఎదుర్లు దండగవ్వలేదు” అని విస్తరి మీదికి వంగాడు.

అనుకున్న ముహూర్తానికే పెళ్ళయింది. ఆ తర్వాత ఎప్పుడు నేను ‘ఈ సంసారంలో ఏముంది’ అని మొదలుపెట్టినా, వంటింట్లోంచి ‘అన్నా’ అని నెమ్మదిగా వినబడేది. నేను వెంటనే సంసారంలోకి వచ్చేసేవాణ్ణి.

మొన్న చలికాలంలో ఇద్దరం మళ్ళీ వెళ్ళాం. అక్కడిప్పుడు ఎవరూ ఉండటం లేదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇల్లు ఊడ్చి, వచ్చినవాళ్ళకి చూపిస్తున్నారు. కుర్చీలు ఇంకా మేకులకే ఉన్నాయి. ఎవరూ చెప్పకపోయినా నేను మగవాళ్ళ గుమ్మంలోంచి, ఆవిడ ఆడవాళ్ళ గుమ్మంలోంచి వెళ్ళి, ఆనాడు వాళ్ళు పాడిన చోట ఎదురెదురుగా నిలబడ్డాం. ఆ అడుగొకటి వేద్దామనుకుంటే మోకాలు ఒప్పుకోలేదు. అంతమంది, అంత పాట, ఇంత శుభ్రంగా ఎలా వెళ్ళిపోయారా అని నిలబడిపోయాను. కళ్ళు చెమ్మగిల్లాయి. ఆవిడ నన్నే చూస్తోంది.

“ఏటి, ఉండిపోతావా?” అంది. అని ఆగింది.

ఆ తర్వాతి మాట ఏమొస్తుందోనని, ఈ వయసులో, ఇందరు మనవల తర్వాత కూడా, నేను ఊపిరి బిగబట్టాను.

“బావా” అంది.