మేం ఎంచుకున్న పొయ్యిల కొలతలు

ఆ ఆదివారం పొద్దున పదకొండు గంటలకు న్యూ సెటిల్‌మెంట్ కాలనీలోని మా రైల్వే క్వార్టర్ వెనక పెరట్లో ఉన్నవాళ్లు: నవారు మంచం మీద రెండు దిండ్లకు ఆనుకుని నాన్న, ఆయన కాళ్ల దగ్గర అమ్మ, గడప మీద అక్క, తిరగేసిన బకెట్ మీద బావ, నేను. ఉన్న వస్తువులు: పాత కుంపటి ఒకటి, తడిబట్ట కింద మూడు తేలాపియా చేపలు, బరువు చూసే యంత్రం, అట్టపెట్టెలు కోసి నేను తయారుచేసిన నాలుగు గుండ్రటి బిళ్లలు. వాటి వ్యాసాలు పదమూడు, పదహారు, ఇరవై, ఇరవై నాలుగు అంగుళాలు. ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో అంకె వేశాను. ఏ రెండు కావాలో మర్నాటికల్లా చీటీ రాసి ఇవ్వాలి.

నాన్న గొంతులో గడ్డకు రేడియేషన్ పూర్తయి, ఆయన ఇంటికొచ్చి అప్పటికి ఆరు రోజులు. గడ్డ పోయిందని డాక్టరు చెప్పాడు. మింగడానికి అడ్డేమీ లేదన్నాడు. కానీ నాన్న తినడం లేదు. నోట్లో పెట్టుకున్న ముద్దను కాసేపు అటూ ఇటూ తిప్పి, ఎవరూ చూడకుండా తుండుగుడ్డలోకి తీసేసేవాడు. ఇంటికి పంపిన రోజు ఆయన బరువు నలభై రెండు కిలోల ఆరు వందల గ్రాములు. మూడు వారాలకు మళ్లీ తీసుకురమ్మన్నారు. అప్పటికి నలభై కన్నా తగ్గితే ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేయాల్సిందేనన్నారు. ఆస్పత్రిలో పక్క మంచం మనిషికి ఆ గొట్టం ఉండేది. నాన్న ఇరవై రోజులు దాన్నే చూస్తూ పడుకున్నాడు. వచ్చేసేటప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని, ఉన్న కాస్త గొంతుతో, "నాకది ఎయ్యనీకు" అన్నాడు. అమ్మ సరే అంది.

ఇంటికొచ్చిన మూడో రోజు మేం దీదీ అని పిలిచే పక్క క్వార్టర్ ఆవిడ వాళ్ల పెరట్లో బొగ్గుల మీద వంకాయ కాల్చింది. ఆ వాసనకు నాన్న మంచం మీద అటు తల తిప్పాడు. దీదీ గిన్నెలో కొంచెం తెచ్చి ఇస్తే రెండు వేళ్లతో తీసుకుని మింగాడు. తుండుగుడ్డలోకి తియ్యలేదు. ఒకే ఒక్క రీడింగు పట్టుకుని గ్రాఫు గీయకూడదని నాకు పాలిటెక్నిక్‌లో నేర్పారు. నేను గీశాను. ఆయనకు బొగ్గు మీద కాలిన తిండి కావాలని తేల్చాను.

కుంపటి మీద చేశాం. చేప పైన మాడింది, లోపల పచ్చిగా ఉంది, పొగకు నాన్న దగ్గి దగ్గి నీలంగా అయిపోయాడు. అప్పుడు నాకు ఫ్యాక్టరీ గుర్తొచ్చింది.

నేనూ బావా పని చేసేది విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లోని ఒక పింగాణీ ఫ్యాక్టరీలో. బావ బట్టీలో సరుకు పేరుస్తాడు, నేను బయటికొచ్చిన సరుకును కొలుస్తాను. విదేశాలకు పోయే బొగ్గు గ్రిల్లులు చేస్తాం. మందంగా గుడ్డు ఆకారంలో ఉంటాయి. పైన మూత, కింద గాలి తలుపు. రెండూ సరిగా తిప్పుకుంటే గుప్పెడు బొగ్గుతో రెండు గంటలు ఒకే వేడి నిలుస్తుంది, పొగ రాదు, లోపలి తేమ ఆరదు. పూతలో వెంట్రుకంత పగులున్నా పక్కన పెట్టేస్తాం. అలా పక్కన పెట్టినవాటిని ఏడాదికోసారి పనివాళ్లకు ఇస్తారు. ఒక్కరి పేరు మీద ఇవ్వరు. ఇద్దరు కలిసి ఒకే చీటీ మీద సంతకం చేస్తే రెండు ఇస్తారు. ఆ రెండూ ఆ ఇద్దరివీ. చీటీ ఇచ్చాక మార్చుకోవడం ఉండదు.

అందుకే ఆ అట్ట బిళ్లలు. నా లెక్క పదమూడు, పదహారు. పదమూడుది పావుగంటలో వేడెక్కుతుంది, ఒక చేప పడుతుంది, నాన్నకు అంతకన్నా అక్కర్లేదు, రోజుకు మూడుసార్లు వెలిగించవచ్చు. పదహారుది మూడు చేపలు పడుతుంది, మొదటిది పగిలితే ఇది ఉంటుంది. బావ లెక్క వేరు. ఇరవై నాలుగుది ఒకటి, దానికి తోడు ఏదైతే అదే. బిళ్లను పెరట్లో పరిచి దాని చుట్టూ నడిచాడు.

"ఇంటిల్లిపాదీ దీని సుట్టూ కూసుంటే మావే సెయ్యి సాపుతాడు," అన్నాడు. "నువ్వు మావకి సేప పెడతన్నావా, పరీక్ష పెడతన్నావా?"

అది వేడెక్కడానికి ముప్పావు గంట పడుతుందని, ఎనభై ఐదు కిలోల బరువని, ఒక్క మనిషి తిండికి దాన్ని వెలిగించడం దండగని చెప్పాను. ఇది విందు కాదని కూడా అన్నాను. ఆ మాట అక్కకు తగిలింది. లేచి లోపలికి వెళ్లిపోయింది. బావ, ఆయన నీకు నాన్న, నీ ఇష్టం అని పెన్ను అడిగాడు. నాన్న మాత్రం అట్ట బిళ్లల వైపు ఒక్కసారైనా చూడలేదు. చీటీలో పదమూడు, పదహారు అని రాసి కింద ఇద్దరం సంతకాలు పెట్టాం.

బుధవారం పొయ్యిలు వచ్చాయి. మొదటి చేప నూట ముప్పై డిగ్రీల దగ్గర ముప్పై ఐదు నిమిషాలు ఉంచాను. వేలితో తాకితే పొరలు పొరలుగా ఊడి వచ్చింది. ఒక్క చోట మాడలేదు. ముళ్లన్నీ ఏరి చిన్న కంచంలో పెట్టి మంచం దగ్గరకు తీసుకెళ్లాను. నాన్న వాసన చూశాడు. కళ్లు మూసుకున్నాడు. ఒక పొర తీసి నోట్లో పెట్టుకుని, కంచాన్ని మెల్లగా నా వైపు తోసేశాడు.

తిన్నది పన్నెండు గ్రాములు. గురువారం తొమ్మిది. శుక్రవారం ఐదు. వేడి పది డిగ్రీలు తగ్గించాను, పెంచాను. బొగ్గు మార్చాను. తేలాపియా మాని భేట్కి, అంటే పండుగప్ప, తెచ్చాను. ఉప్పు మాని ఆవపిండి రాశాను. వంకాయ కాల్చాను, అది కూడా తోసేశాడు. ఆయన ముందు తినాలని, వేడి తగ్గకూడదని, మేమెవ్వరం ఇంకా కంచాల ముందు కూర్చోకముందే ఆయనకు పెట్టేవాణ్ని. తొమ్మిది రోజుల్లో పదమూడు అంగుళాల పొయ్యిని ఇరవై ఆరు సార్లు వెలిగించాను. రోజూ పొద్దున ఆయన్ను బరువు యంత్రం మీద నిలబెట్టడానికి అమ్మా నేనూ చెరో పక్క పట్టుకునేవాళ్లం. పట్టు వదిలితేనే సరైన అంకె వస్తుంది. వదలాలంటే భయం. ఒక పొద్దున అమ్మ ఇక ఆ యంత్రాన్ని మంచం కిందకు తోసేసి, "అంకెలు సూసి ఏటి సేస్తావు బాబూ" అంది. ఆమె వంటింట్లోకి వెళ్లాక యంత్రాన్ని మళ్లీ బయటికి లాగాను.

నాన్న ఇంటికొచ్చిన పద్దెనిమిదో రోజు, శుక్రవారం మధ్యాహ్నం, మావయ్య వచ్చాడు. చుట్టం కాదు, వరసకు అలా పిలుస్తాం. రైల్వే వర్క్‌షాపులో నాన్న కమ్మరి మిస్త్రీ, ఈయన నాన్న దగ్గర పదిహేడేళ్లు సమ్మెట వేసి రిటైరైన మనిషి. నేను కంచం పట్టుకుని వెళ్లడం, నాన్న తోసేయడం ఆయన స్టూలు మీద కూర్చుని చూశాడు. నేను వెనక్కి వస్తుంటే నా వెంట పొయ్యి దాకా వచ్చాడు.

"ఏటల్లుడూ, మిస్త్రీకి ముందు పెడతన్నావా?"

వేడి వేడిగా పెట్టాలని అలా చేస్తున్నానన్నాను.

"మిస్త్రీ ముందు తినడం నువ్వెప్పుడైనా సూసినావా? మా రోజుల్లో కొలిమి పక్కన ఒకే రేకు మీద ఆరు సేపలు పరిసేవోళ్లం. సమ్మెటోళ్లు తిని ముళ్లు పక్కనెట్టేదాకా ఆయన సెయ్యి ఎయ్యడు. రేకు మీద ఆఖర్న మిగిలిందే ఆయంది." ఆయన తన కుడి చేతిని పొయ్యి పక్కనున్న బల్ల మీద పెట్టి చూపించాడు. "సమ్మెటోడు ఆకలితో ఉంటే దెబ్బ తప్పుద్ది. ఆ దెబ్బ కింద ఇనప ముక్క పట్టుకునేది మిస్త్రీ సెయ్యే గదా."

నాన్న ఇంట్లో కూడా ఎప్పుడూ మా తర్వాతే తినేవాడు. డ్యూటీ నుంచి ఆలస్యంగా రావడం వల్ల అనుకునేవాళ్లం. సెలవు రోజుల్లోనూ అంతే. ఇరవై నాలుగేళ్లు చూశాను. దీదీ వంకాయ తెచ్చినప్పుడు మేమందరం అన్నాలు తిని చేతులు కడుక్కుంటున్నాం. ఆ సంగతి నా రీడింగులో రాసుకోలేదు.

వెంటనే పదహారు అంగుళాల పొయ్యి వెలిగించాను. దాని మీద మూడు చేపలకే చోటు. బావ డ్యూటీలో ఉన్నాడు. ఉన్నవాళ్లం ఐదుగురం. పొయ్యిని మంచం దగ్గరకు జరిపి మూత తీశాం. అక్కా నేనూ ముందే తిన్నామని చెబుదామని వంటింట్లో తలుపు వెనక నిలబడ్డాం. మావయ్య ఒకటి తీసుకున్నాడు, అమ్మ ఒకటి. ఇద్దరూ తిని ముళ్లు కంచం అంచున పెట్టారు. ఊచల మీద ఒకటి మిగిలింది. నాన్న దాని వైపు చూశాడు. చెయ్యి దుప్పటి మీంచి లేచింది.

"పిల్లలేరీ?" అన్నాడు.

అమ్మ తిన్నారంది. నాన్న చెయ్యి అక్కడే ఆగింది. నేను బయటికి వచ్చి, నేను ఇందాకే తిన్నాను నాన్నా అన్నాను. ఆయన నా చేతులు చూశాడు, నా వెనక నేల చూశాడు.

"నీ ముళ్లేవి?"

ఆయన చెయ్యి మళ్లీ దుప్పటి మీదకు దిగింది. పదమూడు అంగుళాల పొయ్యి పక్కనే ఉంది. దాని మీద ఇంకొకటి కాల్చడానికి ముప్పై ఐదు నిమిషాలు కావాలి. నాన్న కూర్చోగలిగేది అరగంట. చేప ఉడికేసరికి ఆయన పక్కకు ఒరిగి నిద్రపోయాడు.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన బావకు చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. నాలుగు మాటలు అంటాడని ఎదురుచూశాను. బావ శనివారం మా ఫ్యాక్టరీలో ఇరవై నాలుగుది తీసుకున్న ఇద్దరిని వెతుక్కుంటూ వెళ్లాడు. ఒకతను ఒక్క రోజుకు ఇస్తానన్నాడు. ఆదివారం పొద్దున దాన్ని టోటో అనే బ్యాటరీ రిక్షా వెనక సీటు మీద తాళ్లతో కట్టి తెచ్చాడు. ఇది బాంబు కాదు కదా అని టోటో డ్రైవరు దాదా దారి పొడుగునా అడిగాడట. గుడి గంట అని చెప్పాడట బావ. నలుగురం పట్టి దింపాం. మావయ్య కూడా ఒక చెయ్యి వేశాడు.

ఆరు చేపలు. ఒకే ఊచల మీద. అందరం మంచం చుట్టూ కూర్చుని ఒక్కొక్కటి తీసుకున్నాం. నేను తిని, ముళ్లన్నీ కంచంలో కనబడేలా పెట్టాను. బావ అయితే తన ముళ్లను వరసలో పేర్చి, "లెక్క సూసుకో మావా" అన్నాడు. నాన్న ఒక్కొక్కరి కంచం చూస్తూ వెళ్లాడు. అందరివీ చూశాక, "సాలిందా?" అని అడిగాడు. చాలిందన్నాం. ఆయన ముందుకు వంగి, మిగిలిన చేపను సొంత చేత్తో ఊచల మీంచి తీసుకున్నాడు. వేళ్లు కాలినా వదల్లేదు. తల వైపు నుంచి మొదలుపెట్టి మెల్లగా, చాలాసేపు తిన్నాడు. తుండుగుడ్డ భుజం మీదే ఉంది. అక్క గోడ వైపు తిరిగి నిలబడింది. ఎన్ని గ్రాములో నేను తూచలేదు.

చీటీలో ఇరవై నాలుగు అని రాసి ఉంటే అది బుధవారమే వచ్చేది. ఆ పన్నెండు రోజులూ రోజుకొక్కసారైనా ఆయన ఇలా తినేవాడు.

మర్నాడు ఆస్పత్రిలో నర్సు ఆయన్ను యంత్రం ఎక్కించింది. అమ్మ ఆయన చెయ్యి వదిలి రెండడుగులు వెనక్కి జరిగింది. అంకె నిలబడేదాకా ఆగాం. నర్సు దాన్ని పైకి చదివి కార్డు మీద రాసింది. ముప్పై తొమ్మిది కిలోల ఎనిమిది వందల గ్రాములు.