నేల మెరిసిన రోజు

మా వదిన బళ్లకు ఆటలు ఇప్పించేది. ఆవిడ ఏం పని చేసేదని ఎవరైనా అడిగితే ఇంతకంటే బాగా చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. పోయి ఏడాది కావస్తోంది. వదిన గురించి "చేసేది" అని రాయడానికి చెయ్యి ఇంకా అలవాటు పడలేదు.

మొదట ఆవిడ డ్రిల్లు టీచరు. మోకాలు అరిగిపోయి ఈల పక్కన పెట్టాక, ఇక ఇంట్లో కూర్చోమని అన్నయ్య బతిమాలాడు.

"కూర్చుంటే మోకాలు బాగుపడుతుందేమో గానీ, నేను పాడైపోతాను," అంది.

ఆ రోజుల్లో ఒక ధర్మనిధి, బళ్లు కొత్త పరికరాలు కొనుక్కోవడానికి గ్రాంటు ఇస్తుండేది. చాలా బళ్లకు ఆ సంగతే తెలియదు. తెలిసినవాళ్లు దరఖాస్తు పొడవు చూసి దణ్ణం పెట్టేవాళ్లు. గ్రాంటు దొరికినవాళ్లు కంప్యూటర్లు కొని, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి, గదికి తాళం వేసేవాళ్లు. ఈ మూడు రకాలవాళ్ల గడపా తొక్కేది వదిన. దేనికి అడగాలో, ఎలా రాయాలో, వచ్చింది మూలపడకుండా ఎలా చూసుకోవాలో చెప్పేది. బళ్లు ఇచ్చే కాస్త రుసుమే ఆవిడ సంపాదన. పరికరాలు అమ్మే కంపెనీల దగ్గర టీ కూడా తాగేది కాదు.

ఆవిడకు ప్రాణం పెట్టేంత ఇష్టమైన యంత్రం ఒకటి ఉండేది. పైనుంచి నేల మీద రంగుల అంకెలు, అక్షరాలు వెలుగుతో పరుస్తుంది. పిల్లలు సరైనదాని మీదికి గెంతితే, పైనున్న కెమెరా కన్ను ఆ పాదాన్ని పసిగట్టి కొత్త లెక్క ఇస్తుంది. పిల్లలు దాన్ని "వెలుగు నేల" అనేవాళ్లు. కొనే ముందు నమూనా యంత్రం తెచ్చి, అది ఉండబోయే గదిలోనే, దాన్ని వాడబోయే పిల్లలతోనే ఆడించి చూడాలన్నది వదిన నియమం. "ముందు గెంతు, తర్వాత సంతకం" అనేది. మొదటి గెంతు ఎప్పుడూ ఆవిడదే, మోకాలికి పట్టీ ఉన్నా సరే.

అలాగని సర్వగుణాల రాశి కాదు. ఎదుటివాళ్లను ఒక్క మాట పూర్తి చేయనిచ్చేది కాదు. నా కథలు చదివి, "ఎంతసేపూ కిటికీ పక్కన కూర్చుంటారు. ఒక్కళ్లూ లేచి గంతెయ్యరేమే వీళ్లు?" అని వెక్కిరించేది.

ఒకసారి సెలవు పెట్టి ఆవిడ వెంట వెళ్లాను. రెండు ఇనుప దుకాణాల మధ్య ఇరుక్కున్న చిన్న బడి. వెనక సన్నటి మట్టి జాగా తప్ప ఆడుకునే చోటు లేదు. పెద్దటీచరు రెండుసార్లు దరఖాస్తు పెడితే రెండుసార్లూ కాదన్నారు. మూడోది వదిన దగ్గరుండి రాయించింది; అదీ కాదంటే ఆ బడి ఇక అడగడానికి వీల్లేదు. ఆ ఉదయం ధర్మనిధి అధికారి స్వయంగా వచ్చి, పిల్లలు ఆడుతుంటే చూసి తేలుస్తారు.

గది తలుపు తియ్యగానే వదిన నవ్వు ఆగిపోయింది. నేల అద్దంలా ఉంది. అందులో మా చీరల అంచులు కనిపిస్తున్నాయి.

"ఎలా ఉందమ్మా?" అంది ఆయా, తలుపు పక్కన కొంగు బిగించి నిలబడి. "నిన్న పొద్దున్నుంచీ మైనం పెట్టి రుద్దాను. పెద్దసారు వస్తున్నారంటిరి కదా! అడుగు పెట్టాలంటే నాకే మనసొప్పట్లేదు."

మేం తెచ్చిన నమూనా యంత్రాన్ని నేను స్టాండు మీద నిలబెట్టాను, వదిన స్విచ్చి వేసింది. అంకెలు నీళ్లలో దీపాల్లా చెదిరిపోయాయి. వదిన ఏడు మీదికి గెంతింది, యంత్రం పట్టించుకోలేదు. మళ్లీ గెంతింది. ఆ మెరుపు పైకి కొట్టి కెమెరా కన్ను జిగేల్మంటోంది, దానికి పాదం కనబడట్లేదు.

పెద్దటీచరుకు సంగతి అర్థమైంది. "ఏం పని చేశావే! ఎవరు రుద్దమన్నారు నిన్ను?" అని ఆయా మీదికి వెళ్లింది. ఆయా ముఖం మాడిపోయింది.

"ఆవిడనేం అనకండి," అంది వదిన. "నేల ఎలా ఉండాలో ముందుగా చెప్పాల్సింది నేను. తప్పు నాది. ఆయమ్మా, నీ చేతిలో ఇంత పనితనం ఉందని నాకేం తెలుసు? మా ఇంటి గిన్నెలు నీకు చూపించాలంటే సిగ్గేస్తోంది."

ఆయా ముక్కు తుడుచుకుంటూ నవ్వింది.

"ఇప్పుడెలా వదినా?" అన్నాను.

"పిల్లల్ని వెనక మట్టిలో పరిగెత్తించి, కాళ్లు కడక్కుండా తీసుకురా."

"కాళ్లు కడక్కుండానా!" ఆయా గుండె మీద చెయ్యేసుకుంది. తన జన్మంతా ఈ బడిలో అరిచింది ఆ ఒక్క విషయం మీదే.

"నువ్వే పిలువు ఆయమ్మా. నువ్వు పిలిస్తేనే నమ్ముతారు."

నేను పిల్లల్ని మట్టిలో నాలుగు చుట్లు పరిగెత్తించి తెచ్చాక, ఆయా గడపలో నిలబడి, "రండ్రా... మట్టికాళ్లతోనే రండి," అంది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఆయమ్మకి జ్వరమొచ్చిందా?" అని ఎవరో గుసగుసలాడారు. ఆ తర్వాత వచ్చి పడ్డారు. నేల మసకబారింది. అంకెలు నిలబడ్డాయి. ఏడు మీద ఓ పిల్ల గెంతగానే యంత్రం గణగణమంది.

అప్పుడు పెద్దటీచరు వదిన చెయ్యి పట్టుకుంది. "ఈ మైనం గొడవ సారుకు చెప్పకండి మేడం. మూడోసారి ఇది. మీ కాళ్లు పట్టుకుంటాను."

"నా కాళ్లొద్దు, ఇప్పటికే అరిగాయి," అంది వదిన. కానీ మాట ఇవ్వలేదు.

అధికారి వచ్చారు. సన్నగా, అలసటగా ఉన్నారు. పిల్లల ఆట కాసేపు చూసి, తల పంకించి, నేల మీది మట్టి చూసి ఆగారు. "గది ఊడవరా?"

పెద్దటీచరు కళ్లు మూసుకుంది.

వదిన జరిగిందంతా చెప్పింది. మెరిసే నేల మీద ఇది పనిచేయదని, యంత్రంతో పాటు నేల మీద పరిచే మెరవని పట్టా ఒకటి కూడా అడగాలని, దరఖాస్తులో ఆ మాట వదిలేసింది తానేనని. "ఇది దాచి గ్రాంటు ఇప్పించడం ఎంతసేపు సార్? సెలవుల్లో ఎవరో ఒకరు మైనం పెడతారు. యంత్రం చెడిపోయిందనుకుని గుడ్డ కప్పేస్తారు. అలా కప్పినవి మీరు చాలా చూసుంటారు."

"చూశాను," అన్నారాయన. "ఎందుకు కప్పారని అడిగితే ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు." ఆయా వైపు తిరిగారు. "ఏమ్మా, ఈ గది ఇకనుంచి ఎలా తుడుస్తారు?"

"తడిగుడ్డతో సార్. మైనం ముట్టను." ఉండబట్టలేక, "కానీ వరండా మాత్రం మెరిపిస్తాను. అది నా ఇష్టం," అంది.

అధికారి నవ్వారు. కాగితాల్లో "మెరవని పట్టాతో సహా" అని రాసి సంతకం పెట్టారు. పెద్దటీచరు ఏడుస్తూనే పిల్లల్ని వరుసలో నిలబెట్టడం మొదలుపెట్టింది, వాళ్లు నిలబడితేగా! బూట్లు విప్పనా వద్దా అన్నట్టు అధికారి నేల వైపు చూస్తున్నారు.

"విప్పక్కర్లేదు సార్," అంది వదిన. "మూడూ నాలుగూ ఎంతో చెప్పండి చూద్దాం. నోటితో కాదు."

ఆయన ఏడు మీదికి గెంతారు.