రెంజల్ బోరు నీళ్లకు తగిన చేప

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు నన్ను బోధన్‌కు మత్స్య అభివృద్ధి అధికారిగా వేశారు. చెరువుల్లో చేపపిల్లలను వదిలించడం, సంఘాల వ్యవహారాలు చూడటం నా పని. గాజుతొట్టెల్లో పెంచే రంగు చేపల గురించి అడిగేవారు అరుదు.

అలా అడిగిన మనిషి దగ్గర్లోని రెంజల్ ఊరి సుజాత. ఆమె భర్త మల్లేశ్ చెరకు లారీ నడిపేవాడు. ప్రమాదంలో కాలు పోయాక ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఫోన్‌లో నీలి రామ్ అనే చేపను చూసి, అది కావాలన్నాడట.

“ఆయన నోరు తెరిచి అడిగింది గిదొక్కటే సారు. అది సస్తే మల్ల ముసుగు తన్ని పంటడు,” అందామె.

రామ్‌లు వేలెడంత కూడా ఉండని సిక్లిడ్ కుటుంబపు చేపలు. జంటగా గుడ్లకు కాపలా కాస్తాయి. వాటిలో రెండు రకాలను పిల్లలప్పుడు పోల్చుకోవడం కష్టం. రెండింటికీ కంటి మీదుగా నల్లచార ఉంటుంది. పెద్దయ్యాక నీలి రకం మెరుస్తుంది, కానీ దానికి ఉప్పులు తక్కువున్న వెచ్చని నీళ్లు కావాలి. బొలీవియా రకం మట్టిరంగు. ఎలాంటి నీటినైనా చాలావరకు తట్టుకుంటుంది.

సుజాత వాళ్ల బోరు నీళ్లు పరీక్షించాను. ఉప్పులు ఎక్కువై గిన్నె అడుగున తెల్లపొర కట్టే రకం. వాననీళ్లు పట్టి కలుపుకోవచ్చు గానీ ఎండాకాలం ఎక్కడ తెస్తారు? నిజామాబాద్‌లో రంగు చేపలు అమ్మే దుకాణదారుణ్ని అడిగి రెండు రకాల్లోనూ ఒక్కో జంట తెప్పించి, అదే బోరు నీళ్లలో మా ఆఫీసులో విడివిడిగా ఉంచాను. కొద్దిరోజులకే నీలివి రెక్కలు ముడుచుకుని మూలకు చేరాయి. మట్టిరంగువి ఇసుక తవ్వుతూ తిరిగాయి.

ఆ నీలి జంటను మల్లేశ్‌కు చూపించొద్దని సుజాత బతిమాలింది. కారణం తెలియకుండా ఇంకో చేపను చేతిలో పెడితే అతను దాన్ని పట్టించుకోడని నాకనిపించింది. ఆటోలో పిలిపించాను. అతను చంకకర్రలు గోడకు ఆనించి చాలాసేపు తొట్టెల ముందు కూర్చున్నాడు.

“ఇవి బతికుండంగనే దుకాణంల ఇచ్చేద్దాం సారు. మా నీళ్లు వీటికి పడతలేవు,” అన్నాడు చివరికి. మట్టిరంగు జంటను ఇంటికి తీసుకుపోయాడు.

కొన్ని నెలలకు ఆ దారిన వెళ్తూ వాళ్లింట్లో ఆగాను. చేపలు బల్లపరుపు రాయి మీద గుడ్లు పెట్టాయి. వాకిట్లో బిందె చప్పుడైతే, “మెల్లగ పెట్టు, బెదురుతయ్,” అని మల్లేశ్ లోపలి నుంచి భార్యను కసిరాడు. సుజాత నా వైపు చూసి నవ్వి, రెండో బిందెను మెల్లగా దించింది.

ఏ చేప మంచిదని అడిగినవారికి నేను అంతకుముందు పుస్తకంలోని లక్షణాలు చెప్పేవాణ్ని. ఆ తర్వాత మాత్రం మొదట వాళ్ల ఇంటి నీళ్లు తెమ్మనేవాణ్ని, తొట్టె చూసుకునే మనిషిని కూడా వెంట రమ్మనేవాణ్ని.