గోంగూర సీసాతో పప్పు

గుంటూరు బ్రాడీపేట ఆసుపత్రిలో మా ఆవిడకు గర్భసంచి ఆపరేషన్ అయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నా వైపు తిరిగి, "ఆరు వారాలు ఈమెను వంటింట్లోకి రానివ్వకండి" అంది. నేను దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాను, ఇల్లూ అక్కడే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను పొయ్యి వెలిగించింది టీ కోసమే.

మొదటి రెండు వారాలూ మా అక్క వచ్చి వండిపెట్టింది. వాళ్ళ పొలంలో మిరప కోతలు మొదలయ్యేసరికి తనకు వెళ్ళక తప్పలేదు. మర్నాడు నేనే పప్పు వండాను. అల్లం వెల్లుల్లి ముద్ద లేకుండా వంటేమిటనుకుని, కొన్న ప్యాకెట్ సగం అందులో పిండేశాను. మా ఆవిడ రెండు ముద్దలు తిని, "బాగానే ఉందండీ" అని కంచం పక్కన పెట్టింది. ఆరో తరగతి చదివే మా అమ్మాయి దాచుకోలేదు.

"నాన్నా, ఇది పప్పా? చికెన్ వాసనొస్తోంది!"

సాయంత్రం ఇడ్లీ పిండి ప్యాకెట్ కోసం వీధి చివర కొట్టుకు వెళ్ళాను. కొట్టు నడిపే ఆమె "వదినకెట్టా ఉంది అన్నయ్యా?" అని అడిగింది. చెప్పకూడదనుకుంటూనే పప్పు సంగతి చెప్పేశాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. ఆ తర్వాత అరలోంచి గోంగూర పచ్చడి సీసా తీసి నా ముందు పెట్టింది.

"కందిపప్పు మెత్తగా ఉడకబెట్టు. ఇందులోది రెండు చెంచాలు కలిపి తాలింపెయ్యి. గోంగూర పప్పు అయిపోద్ది. ఉప్పూ కారం మళ్ళీ వెయ్యమాక, ఇందులోనే ఉంటయ్."

"కొన్నది కలిపితే వంటంటారా అమ్మా?"

"ఏదన్నా అననీలే. ముందు తాలింపు మాడకుండా చూసుకో."

మర్నాడు మా ఆవిడ కుర్చీ వేయించుకుని వంటింటి గుమ్మం అవతలే కూర్చుంది. "ఆవాలు చిటపటమన్నాయా? ఇప్పుడు ఎండుమిరపకాయలు... దించండి, దించండి!" అని అక్కణ్ణించే కేకలు. వేడన్నంలో ఆ పప్పు కలుపుకుని, నెయ్యి వేసుకుని తింది. తిన్నాక కంచం నా వైపు జరిపి, "ఇంకాస్త పెట్టండి" అంది.

ఆసుపత్రికి వెళ్ళిన దగ్గర్నుంచీ ఆమె నోట ఆ మాట వినలేదు. గబగబా వడ్డించబోయాను. గరిటెలో సగం పప్పు నేల మీద పడింది. మా అమ్మాయి గుడ్డ తెచ్చి తుడిచింది.

మిగిలిన రోజులు అలాగే గడిచాయి. పొద్దున కొట్టు పిండితో ఇడ్లీలు, అందులోకి కొన్న కారప్పొడి. మధ్యాహ్నానికి సాంబారు పొడి వేసి ఏదో ఒక పులుసు. అన్నం మాత్రం ఏ పూటకాపూట వేడిగా వండేవాణ్ణి.

డాక్టరమ్మ ఇక ఫరవాలేదన్నాక మా ఆవిడ మొదటిసారి నాతో నడిచి వెళ్ళింది ఆ కొట్టుకే. కొట్టు నడిపే ఆమె చెయ్యి పట్టుకుని, "మా ఆయనకు వంట నేర్పావంటగా!" అంది.

"నేనేం నేర్పాను వదినా? సీసా అమ్మాను, అంతే."

అంతే కాదని చెప్పాలనుకున్నాను. ఈలోపే వాళ్ళు వేరే మాటల్లో పడిపోయారు. చేతిసంచీ పట్టుకుని, వాళ్ళిద్దరూ కబుర్లు ముగించేదాకా పక్కనే సంతోషంగా నిలబడ్డాను.