చేళూరు మా ఇంటిపేరు కాదు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా చెల్లెలి కూతురు దేవనహళ్ళిలోని మా ఇంటికి వచ్చి, కడుపునిండా తిని, దివాను మీద బోర్లా పడుకుని ఫోనులో పెళ్ళికొడుకులను చూడడం మొదలుపెట్టింది. చూడడం అన్నానే గానీ అది చూడడం కాదు, వంకాయలు ఏరేటప్పుడు పుచ్చువాటిని నెట్టేసినట్టు బొటనవేలితో ఒక్కొక్కరినీ పక్కకు నెట్టెయ్యడం. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తొంగి చూస్తున్నాను. ఒకడి మీసం బాగాలేదట, ఒకడు కుక్కపిల్లను ఎత్తుకుని ఫోటో దిగాడట, ఇంకొకడు నాలుగు రోజులు తీయగా కబుర్లు చెప్పి ఉన్నట్టుండి మాయమైపోయాడట. చివరికి విసిగిపోయి ఫోనును దిండు కిందకు తోసేసి, ఈ సైట్లలో మనుషులే లేరు అత్తా, మీ కాలమే నయం అని నిట్టూర్చింది. పెద్దదాన్ని కాబట్టి నాకు జాలి కలగాలి. కలిగింది మాత్రం అసూయ. అంతమందిని కాదనగలిగిన ఆ బొటనవేలిని చూస్తే నాకు ఒళ్ళు మండింది.

అసలు ఆ పిల్లకు నేను పెద్దమ్మను కావాలి, ఎందుకంటే వాళ్ళమ్మ మా పిన్నమ్మ కూతురు. అయినా మాటలు వచ్చినప్పటి నుంచీ నన్ను అత్తా అనే పిలుస్తుంది. ఆ పిలుపు విన్నప్పుడల్లా లోపల ఎక్కడో చిన్న ముల్లు కదులుతుంది, అదెందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మీ కాలం అంటే ఈ పిల్లలు ఎడ్లబండ్లనూ, గొడుగు పట్టుకుని తిరిగే పెళ్ళిళ్ళ పేరయ్యలనూ ఊహించుకుంటారు. మన ఈడువాళ్ళకు తెలుసు, ఇంటర్నెట్టులో మొగుణ్ణి వెతుక్కోవడమనే బావిలో మొట్టమొదట దూకింది మనమే. ఇరవై అయిదేళ్ళ కిందటి మాట, నేనూ మా చెల్లెలూ మడివాళలో ఆడపిల్లల పీజీలో ఒకే గదిలో ఉండేవాళ్ళం. నేను బొమ్మనహళ్ళిలో ఒక దుస్తుల ఫ్యాక్టరీలో జీతాల లెక్కలు చూసేదాన్ని, ఆమె కాల్ సెంటర్లో పనిచేసేది. కిటికీ తెరిస్తే కింద మార్కెట్టులోంచి కొత్తిమీర వాసన, మూస్తే పక్కగదిలోంచి ఎండుచేపల వాసన. పీజీ ఓనరమ్మ సోమవారం ముల్లంగి సాంబారు పోసేది, మంగళవారం అదే సాంబారు ముల్లంగి లేకుండా పోసేది. పెళ్ళి చేసుకోవాలన్న కోరికలో సగం మాకు ఆ సాంబారు వల్లే పుట్టిందని ఇప్పటికీ ఇద్దరం నవ్వుకుంటాం.

మా అమ్మా, పిన్నమ్మా మాట్లాడుకుని ఇద్దరి వివరాలూ ఒకేసారి సైట్లో పెట్టమన్నారు. ఉన్న ఒక్క మంచి పట్టుచీరనే మార్చి మార్చి కట్టుకుని, మడివాళలోనే ఒక స్టూడియోలో నీలం పరదా ముందు ఫోటోలు దిగి, బేకరీ మీద ఉన్న నెట్ సెంటరుకు ఎక్కాం. అదే చీర, అదే పరదా, ఒకే అమ్మమ్మ మనవరాళ్ళం. అయినా మరుసటి ఆదివారం వెళ్ళి చూస్తే ఆమె పెట్టె నిండా జాబులు, నా పెట్టెలో సైటువాళ్ళు పంపిన స్వాగతం తప్ప ఇంకేమీ లేదు. ప్రతి ఆదివారం ఇదే తంతు. ఆమె ఒక్కో జాబూ తెరిచి చదివి కిలకిలా నవ్వుతుంటే, నేను పక్క కుర్చీలో కూర్చుని ఆమె ముక్కు చప్పిడిది కదా, నాకంటే పొట్టిది కదా అని లెక్కలు వేసుకునేదాన్ని. ముక్కు చప్పిడైనా జాబులు తగ్గలేదు. నాకు ఎప్పుడైనా ఒక ఫోను వస్తే అది ఆంధ్ర నుంచి వచ్చేది, నేను మా నాయన ఊర్లోనే ఉండాడు అనగానే అవతలివాళ్ళు ఒక్క క్షణం ఆగి, మీరు తెలుగువాళ్ళేనా అని అనుమానంగా అడిగేవాళ్ళు.

ఇక్కడ మా ఊళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. కర్ణాటకలో తరాలుగా ఉన్న మాలాంటి తెలుగువాళ్ళం ఇంటిపేరు రాసుకోం. పేరు ముందు రెండు పొడి అక్షరాలు ఉంటాయి, ఒకటి పెద్దల ఊరిది, రెండోది నాయన పేరుది. బడిలో అంతే, బ్యాంకులో అంతే. మా పెద్దల ఊరు చేళూరు, ఆంధ్ర సరిహద్దుకు కూతవేటు దూరం. సైటు ఇంటిపేరు అడిగింది, ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వలేదు, నేను పెద్దగా ఆలోచించకుండా చేళూరు అని రాశాను. చెల్లెలికి ఆ చిక్కే లేదు, వాళ్ళ నాయనది హిందూపురం, తాతముత్తాతల నాటి అసలైన ఇంటిపేరు ఆమెకు ఉంది.

ఏడాది తిరగబోతుండగా నాకూ ఒక జాబు వచ్చింది. అతను చందాపుర దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు, నెల్లూరు వైపు మనుషులు, అమ్మానాన్నలు అతని దగ్గరే ఉండేవాళ్ళు. జీతం, ఎత్తు, జాతకం ఏమీ రాయకుండా, ఫోటోలో మీరు నవ్వు ఆపుకుంటున్నట్టున్నారు, ఎందుకు అని ఒక్క వాక్యం అడిగాడు. నిజంగానే ఆపుకున్నాను, ఫోటో తీసేవాడి వెనక నిలబడి మా చెల్లెలు మూతి తిప్పింది మరి. అక్కడి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నా ఉండాది, ఉండాడు విని అనుమానపడకుండా మళ్ళీ చెప్పించుకున్న మనిషి అతనొక్కడే. మొదట మీరు అనేవాడు, కొన్నాళ్ళకు నువ్వు అన్నాడు. లాల్‌బాగ్‌లో ఒకసారి కలిసి బొరుగుల చురుమురి తిన్నాం. తన ఇంటిపేరు కూడా చేళూరేనని, పెళ్ళయ్యాక నువ్వు పేరు మార్చుకునే పని తప్పిందని అతను అంటే ఇద్దరం ఎంత మురిసిపోయామో. చదువుకున్నవాళ్ళం ఇద్దరం, అందులో ఉన్న మెలిక ఏ ఒక్కరికీ తట్టలేదు. ఆ కొద్ది వారాలూ నేను ఎవరిని చూసీ కుళ్ళుకోలేదు. ఎంత తేలిగ్గా ఉండేదో ప్రాణం.

అతని తల్లి మా నాయనకు ఫోను చేసి, వచ్చే ఆదివారం పిల్లను చూడడానికి వస్తామన్నారు. అన్నయ్యగారూ అన్నయ్యగారూ అంటూ ఎంతో ఆప్యాయంగా మాట్లాడారట. ఆ ఆదివారం పిన్నమ్మా చెల్లెలూ కూడా సాయానికి దేవనహళ్ళిలో మా నాయన ఇంటికి వచ్చారు. ఆవిడ గడప దాటి లోపలికి వస్తూనే నమస్కారం బావగారూ అంది. ఆ పిలుపుతోనే మా నాయన ముఖంలో రంగు మారింది. పిల్లనిచ్చేవాడు పెళ్ళికొడుకు తల్లికి అన్న అవుతాడు గానీ బావ ఎట్లా అవుతాడు? బావగారు అంటే ఆమె మొగుడి వైపు మనిషి అన్నట్టు, అంటే నేను అతనికి చెల్లెలి వరస అన్నట్టు. ఫోను చేసిన తర్వాత వాళ్ళాయన మా వివరాలు చదివి ఇంటిపేరు పట్టుకున్నారట. వస్తామని మాట ఇచ్చి ఫోనులో వద్దనడం మర్యాద కాదని అంతదూరం వచ్చి చెప్తున్నారు.

అది ఊరి పేరమ్మా, మా ఇంటిపేరు కాదు అని మా నాయన మెల్లగా సర్దిచెప్పబోయాడు.

"అట్టయితే మీ ఇంటిపేరేంది బావగారూ?" అని ఆవిడ అడిగింది.

మా నాయనకు ఆ పేరు తెలియదు. మూడు తరాలుగా ఎవరూ రాయని పేరు, ఎవరూ పిలవని పేరు, ఎప్పుడో మా ఇంట్లోంచి జారిపోయింది. మావాళ్ళలో గోత్రాల పట్టింపు తక్కువ, వరస తేల్చేది ఇంటిపేరొక్కటే. కనుక్కుని చెప్తానమ్మా అన్నాడు నాయన, తప్పు చేసిన పిల్లవాడిలా. దానితో ఆవిడ అనుమానం ఇంకా గట్టిపడింది. మా పెద్దలు కూడా ఆ చేళూరు నుంచే నెల్లూరు వైపు వచ్చి ఉండొచ్చు, ఊరి పేరే మాకు ఇంటిపేరై ఉండొచ్చు, అప్పుడు మనమంతా ఒకే చెట్టు కొమ్మలమే కదా అంది. కాదని చెప్పడానికి మా దగ్గర ఏముంది? పెళ్ళి చెడడానికి అనుమానం చాలు.

అంతలో చెల్లెలు కాఫీ గ్లాసులతో లోపలి నుంచి వచ్చింది. ఈ పిల్ల ఎవరమ్మా అని ఆవిడ అడిగింది, పిన్నమ్మ చెప్పింది, ఇంటిపేరేమిటి అంటే ఆ పేరు తడుముకోకుండా ఠక్కున వచ్చింది. ఆ ఠక్కుమనడాన్ని నేను ఈ జన్మలో మరిచిపోలేను.

కొన్నాళ్ళకు అతనికి మా చెల్లెలిని చేసుకుంటామని ఆవిడ కబురు పెట్టింది. పీజీ గదిలో బట్టలు మడతపెడుతూ మా చెల్లెలు నా వైపు చూడకుండా, అక్కా, నువ్వు వద్దంటే నేను వద్దంటా అంది.

"నాకేమప్పా, చేసుకో" అన్నాను.

అది నోటి మాటే. మొగుడూ ఆమెకే, అక్క కోసం వదులుకుంటానన్న మంచితనం కూడా ఆమెకేనా అనిపించింది. అతను కూడా ఒకసారి ఫోను చేశాడు. అమ్మ మాట దాటలేనని, మీరు ఏమీ అనుకోవద్దండి అని. నువ్వు దాకా వచ్చిన మనిషి మళ్ళీ మీరు దగ్గరికి వెళ్ళిపోయాడు, పైగా అండి ఒకటి. మిగతా మాటలేవీ నాకు వినపడలేదు.

అతనికి అక్కచెల్లెళ్ళు లేరు. ఇంటిపేరు కలిసిన ఆడపిల్ల ఎదురుగా ఉండగా వేరే ఆడపడుచును వెతకడం ఎందుకని ఆవిడ సంతోషంగా ఆ పీట మీద నన్ను కూర్చోబెట్టింది. ఆడపడుచు లాంఛనం కింద వంకాయరంగు చీర పెట్టింది. తాళి కట్టేటప్పుడు చెల్లెలి జడ ఎత్తి పట్టుకున్నది నేను. అతని వేళ్ళు ముడి వేస్తుంటే నా చేతికి జానెడు దూరంలో ఉన్నాయి. అక్కడితో అయిపోలేదు. చందాపుర ఇంటికి కొత్త దంపతులు వచ్చినప్పుడు, గడప దగ్గర అడ్డం నిలబడి ఒకరి పేరు ఒకరి చేత చెప్పించి లోపలికి వదలడం ఆడపడుచు హక్కు కదా, ఆ హక్కు కూడా నాకే ఇచ్చారు. చేతులు రెండు వైపులా చాపి నిలబడ్డాను. అతను భార్య పేరు చెప్పాడు. వినపడలేదన్నాను. మళ్ళీ చెప్పాడు. గట్టిగా అన్నాను. మళ్ళీ. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆడపడుచు అంటే ఇట్లా ఉండాలని విరగబడి నవ్వారు. నేను ఆట ఆడలేదు. ఏదో ఒకసారైనా పొరపాటున అతని నోట నా పేరు వస్తుందేమోనని చూశాను. రాలేదు. చేతులు దించాను.

పెళ్ళయిన తర్వాత మా నాయన తన మేనత్తను వెతుక్కుంటూ వెళ్ళి అడిగితే, ఆ ముసలావిడ విస్తుపోయి, మనం కందులవాళ్ళం కదరా, అది కూడా తెలీదా అని తిట్టి పంపిందట. కందుల. చేళూరుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. అప్పటికి ఆ మాటతో పని కూడా లేదు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, నాయన ఆ తర్వాత చాలా రోజులు నా ముఖం చూసి మాట్లాడలేకపోయాడు. రెండేళ్ళకు ఆయన స్నేహితుడొకరు చెప్పిన సంబంధం నాకు కుదిరింది. మా ఆయన మంచివాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు, ఆ ధైర్యంతోనే ఇవన్నీ రాస్తున్నాను.

నాకు పెట్టిన ఆడపడుచు వరస మాత్రం అట్లాగే నిలిచిపోయింది. నాన్న వైపు చుట్టరికమే ఖాయమై ఆ ఇంట్లో పుట్టిన పిల్లకు నేను పెద్దమ్మను కాకుండా మేనత్తనయ్యాను. ఉప్పెక్కువైందని అత్త సాధించిందని, పుట్టింటికి పంపలేదని చెల్లెలు నా దగ్గరికి వచ్చి కళ్ళు తుడుచుకునేది. నేను ఓదార్చేదాన్ని, ఓదారుస్తూనే ఆ సాధింపులు చూసి కూడా కుళ్ళుకునేదాన్ని. నన్ను మాత్రం ఆవిడ పల్లెత్తు మాట అనలేదు, ప్రతి ఉగాదికీ పిలిచి చీర పెట్టేది.

ఇప్పుడు ఈ పిల్ల ఫోనులో ఇంటిపేరు పట్టింపు ఉందా లేదా అని అడిగే గడి ఒకటి ఉందట, లేదు అని నొక్కితే సరిపోతుందట. ఒక్క నొక్కు. అసూయపడవద్దంటే ఎట్లా? కాకపోతే ఇప్పుడు కాదనేవాళ్ళు కాదని కూడా చెప్పరు, మాయమైపోతారు, ఎందుకో తెలియక ఈ పిల్ల గంటలు గంటలు ఆ గాజుపలకను చూస్తూ కూర్చుంటుంది. మా రోజుల్లో కాదని చెప్పడానికి ఒక మనిషి చందాపుర నుంచి దేవనహళ్ళి దాకా వచ్చింది, వచ్చి వరస కలుపుకుని మరీ పోయింది. కిందటేడు కన్నుమూసే ముందు కూడా ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూతురా అనే అంది. కోడల్ని కూతురిలా చూసుకుంటామని లోకంలో ప్రతి అత్తా చెప్తుంది. నన్ను నిజంగా కూతురిలా చూసుకున్నారు, నేను కావాలనుకున్నది కోడలు కావడం.